క్యూ పక్కన యు లేని అయిదక్షరాల ఇంగ్లీష్ మాటలు: ఏవి చెల్లుతాయి?

నిజాంపేట వాసి:
మా అపార్ట్‌మెంట్‌లో వచ్చే ఆదివారం స్క్రాబుల్ (అక్షరాల పావులతో బోర్డు మీద మాటలు పేర్చే ఆట) పోటీ. నిన్న ప్రాక్టీసు ఆటలో ఎదురింటి ఇంటర్ పిల్లాడు బోర్డు మీద క్యూ-ఓ-ఆర్-ఎం-ఏ అని పేర్చాడు. ఇదేంట్రా అంటే "ఖోర్మా ఆంటీ, తినే ఖోర్మా" అన్నాడు. కెతో రాసేదాన్ని క్యూతో రాస్తే ఎలా ఒప్పుకుంటాం? ఫోన్‌లో ఏదో చూపించాడు, నేను నమ్మలేదు. కమిటీ వాళ్ళు ఇంట్లో ఉన్న పాత పాకెట్ డిక్షనరీ తిరగేసి, ఇందులో లేదు కాబట్టి చెల్లదని తేల్చేశారు. వాడు అలిగి పావులన్నీ కుప్పపోసి వెళ్ళిపోయాడు.

ఆదివారం ఒక రౌండు మొత్తం అయిదక్షరాల మాటలతోనే ఆడాలట. అందుకే అడుగుతున్నా. క్యూ ఉండి, దాని వెంటనే యు రాని అయిదక్షరాల మాటలు అసలు ఎన్ని ఉన్నాయి? వాటిని ఇంగ్లీష్ అనొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

కమాండ్‌లైన్ కిట్టు:
అక్కా, పిల్లాడిదే కరెక్టు. కాలిన్స్ వాళ్ళ స్క్రాబుల్ పదకోశంలో క్యూతో ఖోర్మా ఉంది, కెతో కోర్మా కూడా ఉంది. కెతో రాస్తే 11 పాయింట్లు, క్యూతో రాస్తే 16. వాడు ఊరికే పేర్చలేదు.

అయిదక్షరాలవి నాకు తెలిసినవి రాస్తున్నా. బుర్ఖా (బి-యు-ఆర్-క్యూ-ఏ), ఫకీర్ (ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్), నికాబ్ (ఎన్-ఐ-క్యూ-ఏ-బి), తలాఖ్ (టి-ఏ-ఎల్-ఏ-క్యూ), ఖిబ్లా (క్యూ-ఐ-బి-ఎల్-ఏ), ఖనాత్ (క్యూ-ఏ-ఎన్-ఏ-టి), ఖానూన్ (క్యూ-ఏ-ఎన్-యు-ఎన్), ఖపీక్ (క్యూ-ఏ-పి-ఐ-కె), ట్రాంక్ (టి-ఆర్-ఏ-ఎన్-క్యూ), ఊమియాక్ (యు-ఎం-ఐ-ఏ-క్యూ). నాలుగక్షరాల వాటికి చివర ఎస్ తగిలిస్తే వచ్చేవి వేరే ఉన్నాయి. వక్ఫ్‌కి ఎస్ పెడితే డబ్ల్యూ-ఏ-క్యూ-ఎఫ్-ఎస్, 20 పాయింట్లు. ఖాదీ అంటే జడ్జి, మనం కట్టుకునే ఖాదీ కాదు. దానికి ఎస్ పెడితే క్యూ-ఏ-డి-ఐ-ఎస్.

ఇంకో మాట. పదాల ఫైలు దింపుకుని మీరే వెతుక్కోవాలనుకుంటే "క్యూ, దాని తర్వాత యు కాని ఇంకో అక్షరం" అని వెతక్కండి. తలాఖ్, ట్రాంక్, ఊమియాక్ మూడూ జారిపోతాయి. వాటిలో క్యూ చివర ఉంటుంది, ఆ తర్వాత ఇంకే అక్షరమూ ఉండదు కదా. "క్యూ, దాని తర్వాత యు మాత్రం ఉండకూడదు" అని వెతికితే అన్నీ దొరుకుతాయి. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, కంప్యూటర్‌కి మాత్రం కాదు.

అమీర్‌పేట అభ్యర్థి:
బ్యాంకు పరీక్షలకు పనికొస్తాయా బ్రదర్ ఇవి?

కమాండ్‌లైన్ కిట్టు:
రావు తమ్ముడూ. అక్కడ వాక్యంలో ఏ మాట సరిపోతుందో అడుగుతారు, ఊమియాక్ గురించి ఎవరూ అడగరు. నువ్వు ప్రిపరేషన్ చూసుకో.

నల్లకుంట మాస్టారు:
నేను రిటైరైన ఇంగ్లీష్ లెక్చరర్‌ని. క్యూ పక్కన యు ఎందుకుంటుందో ముందు తెలిస్తే, ఇవెందుకు వేరో అర్థమవుతుంది.

పాత ఇంగ్లీష్‌లో క్యూ వాడకం దాదాపు లేదు. రాణిని వాళ్ళు సి-డబ్ల్యూ-ఇ-ఎన్ అని రాసేవాళ్ళు, క్విక్ అనే మాటనీ సి-డబ్ల్యూతోనే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి పద్ధతి నేర్చిన లేఖకులు వచ్చారు. వాళ్ళు సి-డబ్ల్యూ తీసేసి క్యూ-యు పెట్టారు. ఆ పద్ధతి లాటిన్ నుంచి వచ్చింది. అంటే క్వీన్, క్విక్ పుట్టుకకు అచ్చ ఇంగ్లీష్ మాటలే, వేసుకున్న బట్టలే ఫ్రెంచివి.

క్యూ అక్షరం పుట్టింది మాత్రం ఇంకెక్కడో. ఫినీషియన్ లిపిలో గొంతు లోపలి నుంచి పలికే ధ్వనికి ఖోఫ్ అనే అక్షరం ఉండేది. హీబ్రూలో ఆ అక్షరం పేరు ఇప్పటికీ అదే. ఆ పేరు కూడా స్క్రాబుల్‌లో చెల్లుతుంది: క్యూ-ఓ-పి-హెచ్. ఎస్ తగిలిస్తే అయిదక్షరాలు, 19 పాయింట్లు. అరబ్బీలో దాని చుట్టం ఖాఫ్. గ్రీకులు, ఎట్రుస్కన్ల మీదుగా ఈ అక్షరం లాటిన్‌కి చేరింది, అక్కడ యు పక్కన తప్ప వేరే పని లేకుండా పోయింది. ఇంగ్లీష్ వాళ్ళు అరబ్బీ, ఫార్సీ మాటలు రాసుకునేటప్పుడు మొదట్లో కె వాడారు. బుర్ఖాకి కె, ఫకీర్‌కి కె, ఖురాన్‌కి కె. తర్వాత పండితులు ఖాఫ్‌కీ, మామూలు క పలికే కాఫ్‌కీ తేడా తెలియాలని ఖాఫ్‌కి క్యూ కేటాయించారు. అందుకే ఒకే మాటకు రెండు రాతలు నిలిచాయి. మీ పిల్లాడు పేర్చింది రెండో రాత.

శాలిబండ భాయ్:
మాస్టారూ, సలాం. ఇది చదివాక ఆగలేకపోయా. కిట్టు రాసిన లిస్టు ఇంకోసారి చూడండి. బుర్ఖా, నికాబ్, ఫకీర్, తలాఖ్, ఖిబ్లా, ఖోర్మా, వక్ఫ్. మా గల్లీలో పొద్దున లేచిన దగ్గర్నుంచి వినపడేవి ఇవే. అమెరికాలో, ఆస్ట్రేలియాలో టోర్నమెంటు ఆడేవాళ్ళు వీటిని కార్డుల మీద రాసుకుని బట్టీ కొడతారట. హైదరాబాదీకి బట్టీ ఎందుకు భాయ్? ఏది ఖాఫ్, ఏది కాఫ్ అన్నది పట్టుకుంటే చాలు.

ఆ ఒక్కటే మాకూ కష్టం, నిజం చెప్పాలంటే. దక్కనీలో మేము ఖాఫ్‌ని సరిగ్గా పలకం, ఖ అనేస్తాం. ఖాజీ సాబ్, ఖోర్మా, ఖవ్వాలీ. లక్నో వాళ్ళు దీని మీద మమ్మల్ని ఎప్పుడూ ఆటపట్టిస్తారు. చెవిని నమ్ముకుంటే స్పెల్లింగ్ తప్పుతుంది. ఉర్దూ రాత గుర్తుంటే తప్పదు: రెండు చుక్కల ఖాఫ్ అయితే క్యూ. ఫలక్‌నుమాలో ఫలక్‌కి కాఫ్, అందుకే కె. యాఖుత్‌పురాలో యాఖూత్‌కి ఖాఫ్, కానీ పక్కన యు వచ్చేస్తుంది. ఈ ఊరు కట్టించిన కులీ కుతుబ్ షాకి రెండు ఖాఫ్‌లు, రెండు చోట్లా పక్కన యు. మనవాడు స్క్రాబుల్ రూలు ముందే పాటించాడన్నమాట.

నిజాంపేట వాసి:
హహ. భాయ్, మరి పేర్లు చెల్లవు కదా, ఖతర్, ఇరాక్ లాంటివి?

శాలిబండ భాయ్:
చెల్లవు. ఊళ్ళు, దేశాలు, మనుషులు, ఏవీ చెల్లవు. ఇరాక్ చెల్లితే నేను ఏనాడో ఛాంపియన్‌ని.

మారేడ్‌పల్లి పావులు:
కొంచెం చల్లనీళ్ళు చల్లుతున్నా, ఏమీ అనుకోకండి. నేను టోర్నీలు ఆడతాను. అయిదక్షరాలవి నేర్చుకోవడం మంచిదే, మీ రౌండు అలాంటిది కాబట్టి. మామూలు ఆటలో మాత్రం ముందు నేర్వాల్సింది రెండక్షరాల క్యూ-ఐ. చైనీయులు ప్రాణశక్తికి వాడే మాట అది. అమెరికా లిస్టులోకి 2006లో వచ్చింది, అప్పటి నుంచి ఆట తీరే మారిపోయింది. దాని తర్వాత క్యూ-ఏ-టి. ఆ తర్వాత క్యూ-ఏ-ఐ-డి, ఎస్-యు-క్యూ. ఇవి నోటికి వచ్చాకే అయిదు.

ఎందుకంటే క్యూ చేతిలో మిగిలిపోతే దెబ్బ రెండు వైపుల నుంచి పడుతుంది. ఆట ముగిసేసరికి మీ దగ్గర క్యూ ఉంటే మీ స్కోరులో 10 పోతాయి, పావులన్నీ అయిపోయిన ఎదుటివాడికి ఆ 10 కలుస్తాయి. మొత్తం 20 తేడా. సంచిలో 100 పావులుంటే క్యూ ఒక్కటి, యు నాలుగే. ఆ నాలుగూ ఎదుటివాళ్ళు వాడేశాక క్యూ పట్టుకుని కూర్చోవడం ఎంత టెన్షనో ఆడినవాళ్ళకే తెలుసు.

ఒక ఉదాహరణ. బోర్డు మీద అక్షరం విలువను మూడింతలు చేసే గడి ఖాళీగా ఉంది. దానికి కుడి పక్కన ఒక ఐ, కింద ఇంకో ఐ ఉన్నాయి, వేరే మాటల తొలి అక్షరాలుగా కాదు, విడిగా దొరికేలా. మీరు ఆ గడిలో క్యూ ఒక్కటే పెడతారు. అడ్డంగా క్యూ-ఐ, నిలువుగా క్యూ-ఐ. క్యూకి 30, ఐకి 1, అలా రెండు సార్లు. ఒక్క పావుకి 62. ఖోర్మా పేర్చి 16 తెచ్చుకునే బదులు ఇలాంటి గడి కోసం ఒక వంతు ఆగడమే మేలు.

కమాండ్‌లైన్ కిట్టు:
మేడమ్, అంత చక్కగా రెండు ఐలు ఎవరు పెట్టి ఉంచుతారు?

మారేడ్‌పల్లి పావులు:
ఎవరూ పెట్టరు. చాలాసార్లు క్యూ, ఐ రెండూ మన చేతిలోంచే పెట్టి, ఇంకో ఐని పట్టుకుంటాం. లెక్క అర్థం కావడానికి చెప్పా. ఆశ పడి రెండు మూడు వంతులు ఆగినవాళ్ళనీ చూశా, వాళ్ళు ఓడిపోతారు.

అయిదక్షరాల్లో ఒక్కటే నేర్వమంటే తలాఖ్, రెండోది ట్రాంక్. వీటిలో క్యూ తప్ప మిగతావన్నీ ఒక్క పాయింటువి, చేతికి తరచూ వచ్చేవి. ఏ అనే అక్షరం పావులు 9 ఉంటాయి, టి, ఆర్, ఎన్ ఆరేసి, ఎల్ నాలుగు. ఖపీక్ 20 పాయింట్లది, నిజమే, కానీ క్యూ, పి, కె మూడూ ఒకేసారి చేతికి రావాలి. కె సంచిలో ఒక్కటే. వక్ఫ్ బహువచనం కూడా 20, దానికి ఎఫ్, డబ్ల్యూ రెండేసి ఉంటాయి కాబట్టి కాస్త నయం, కానీ ఎస్ ఖర్చవుతుంది. ఎస్ పావులు నాలుగే. ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ కావాలనే తక్కువ పెట్టాడు, లేకపోతే అందరూ బహువచనాలతోనే బతికేస్తారు. ఏ అక్షరం ఎన్ని ఉండాలో తేల్చడానికి ఆయన న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో అక్షరాలు లెక్కపెట్టాడు.

వారాసిగూడ వాదన:
నాకో అభ్యంతరం. ఇందులో ఇంగ్లీష్ ఎక్కడుంది? ఖపీక్ అంటే ఏంటో ఇక్కడ ఎంతమందికి తెలుసు? ఊమియాక్? అర్థం తెలియని మాట పేర్చి పాయింట్లు కొట్టడం వొకాబ్యులరీ ఎలా అవుతుంది? పిల్లలకు భాష రావాలని ఆట పెడితే వాళ్ళు అక్షరాల గుత్తులు బట్టీ కొడుతున్నారు. పాకెట్ డిక్షనరీ పెట్టిన కమిటీ వాళ్ళదే న్యాయం అంటాను.

శాలిబండ భాయ్:
ఖపీక్ అజర్‌బైజాన్ చిల్లర. నూరు కలిస్తే ఒక మనాత్. ఊమియాక్ ఉత్తర ధ్రువం వైపు ఇన్యూట్ జనం తోలుతో చేసుకునే పడవ. ట్రాంక్ ఒక్కటే ఇంగ్లీష్ సొంత ముక్క, మత్తుమందుకి పెట్టే పెద్ద పేరును కత్తిరించింది. తెలిసిపోయింది కదా, ఇక ఒప్పుకోండి.

వారాసిగూడ వాదన:
తెలిసినంత మాత్రాన వాడతామా భాయ్? రేపు ఆఫీసు మెయిల్‌లో ఊమియాక్ రాస్తారా?

నల్లకుంట మాస్టారు:
వాదన గారు అడిగింది కొట్టిపారేసేది కాదు. న్యూజీలాండ్ ఆటగాడు నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు, ఫ్రెంచి మాట్లాడటం రాకుండానే. 2024లో స్పానిష్‌లోనూ గెలిచాడు. అదీ అంతే, భాష రాదు. పదకోశం మొత్తం కంటికి బొమ్మలా పట్టేశాడు. కాబట్టి స్క్రాబుల్ గెలిస్తే భాష వచ్చినట్టు అనుకోకూడదు. అక్కడి వరకు మీతో ఏకీభవిస్తా.

కానీ పాకెట్ డిక్షనరీతో తీర్పు చెప్పడం అన్యాయం. పాకెట్ డిక్షనరీ జేబులో పట్టాలి కాబట్టి సగం మాటలు వదిలేస్తుంది. అందులో లేకపోవడం ఏ మాటదీ తప్పు కాదు. ఇక "ఇంగ్లీష్ కాదు" అంటారా, బంగళా, వరండా, క్యాటమరన్ ఎవరివి? ఒకటి హిందూస్తానీ, ఒకటి పోర్చుగీసు నుంచి మన దగ్గరకొచ్చి వెళ్ళింది, ఒకటి తమిళం. వాటికి లేని అభ్యంతరం ఖోర్మాకి ఎందుకు? క్యూ చూసి బెదిరిపోతున్నాం, అంతే.

వారాసిగూడ వాదన:
బెదరలేదు మాస్టారూ. క్యాటమరన్ ఇంగ్లీష్ పిల్లాడికి కూడా తెలుసు, ఖపీక్ తెలియదు. నా గీత అక్కడ.

చిక్కడపల్లి చదువరి:
మధ్యలో దూరుతున్నా. ఖనాత్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఈ లిస్టులో అన్నిటికంటే నచ్చింది అదే. ఇరాన్‌లో నేల కింద సొరంగం తవ్వి, వాలు మీద నీళ్ళు ఊరికి తెచ్చే పద్ధతి. గుట్ట మొదట్లో తల్లి బావి, అక్కడి నుంచి వరసగా గాలి, వెలుతురు కోసం నిలువు బావులు. మోటరు లేదు, ఏతం లేదు, వాలే పని చేస్తుంది. ఎండకు నీళ్ళు ఆవిరై పోవు. పర్షియన్ ఖనాత్‌లను యునెస్కో 2016లో వారసత్వ జాబితాలో చేర్చింది.

దీన్ని చూడటానికి ఇరాన్ దాకా వెళ్ళక్కర్లేదు. బీదర్‌లో నౌబాద్ దగ్గర బహమనీల కాలం నాటిది ఉంది, అక్కడ కారేజ్ అంటారు. హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. నిలువు బావి అంచున నిలబడి కిందికి చూస్తే, రాతిలో ఉలి గాట్లు పక్కపక్కనే వరసగా కనిపిస్తాయి. మా పిల్లకి ఆ బావి చూపించాక క్యూ-ఏ-ఎన్-ఏ-టి మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు. వాదన గారూ, అర్థం తెలియని మాట అని మీరన్నదానికి నా దగ్గరున్న జవాబు ఇదే.

బార్కాస్ బిడ్డ:
మరి క్యూ-ఏ-టి? అది మావాళ్ళ మాట! మా పెద్దలు నిజాం సైన్యంలో పని చేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చారు. ఆ బ్యారక్‌ల పేరు మీదే బార్కాస్ వచ్చింది. ఖాత్ అంటే యెమెన్‌లో మధ్యాహ్నాలు బుగ్గన పెట్టుకుని నమిలే ఆకు, కాస్త హుషారు ఎక్కుతుంది. ఇక్కడెవరూ నమలరు, మా దగ్గర హరీస్‌తోనే సరి. ఇంగ్లీష్‌లో దాన్ని కె-హెచ్-ఏ-టి అనీ కె-ఏ-టి అనీ కూడా రాస్తారు, మూడూ చెల్లుతాయి.

మారేడ్‌పల్లి పావులు:
మూడూ చెల్లుతాయి, కరెక్ట్. ఇలా ఒకే మాటకు రెండు మూడు రాతలు ఉండటం ఆటగాడికి వరం. చేతిలో కె ఉంటే ఒకటి, క్యూ ఉంటే ఇంకొకటి.

భాయ్ లిస్టుకి ఇంకోటి కలుపుతున్నా, అయిదక్షరాలది కాదు గానీ హైదరాబాద్‌లో చెప్పకపోతే తప్పు. ఇంక్విలాబ్! ఐ-ఎన్-క్యూ-ఐ-ఎల్-ఏ-బి. ఏడక్షరాలు, కాలిన్స్‌లో ఉంది. ఏడు పావులూ ఒకేసారి దింపితే 50 బోనస్. మామూలు గడుల మీదే 68 వస్తాయి, రెట్టింపు గడి పడితే చెప్పక్కర్లేదు. ఊరేగింపుల్లో గొంతు చించుకుని అరిచే మాట, బోర్డు మీద ఎవరికీ తట్టదు. ఖలమ్‌దాన్ కూడా ఉంది, ఎనిమిదక్షరాలు. ఖవ్వాలీ ఉంది, డబ్ల్యూ రెండు పడాలి.

శాలిబండ భాయ్:
ఇంక్విలాబ్ జిందాబాద్!! (జిందాబాద్‌కి పాయింట్లు లేవా మేడమ్?)

నిజాంపేట వాసి:
అందరికీ థాంక్స్. ఇప్పుడు కమిటీ వాళ్ళకు ఏం చెప్పాలి? ఏ పుస్తకం పెట్టుకోమనాలి?

మారేడ్‌పల్లి పావులు:
మన దేశంలో టోర్నీలు కాలిన్స్ మీదే ఆడతారు. అందులో దాదాపు 2 లక్షల 80 వేల మాటలుంటాయి. అమెరికా, కెనడాల లిస్టు వేరు, అందులో 2 లక్షల దగ్గర. ఖోర్మా, ఇంక్విలాబ్ లాంటివి అమెరికా లిస్టు పట్టుకున్నవాడితో ఆడితే తగువే. అందుకే మొదటి పావు తీయకముందే ఏ లిస్టో గోడ మీద రాసి పెట్టండి. మధ్యలో మార్చకూడదు. అనుమానం వచ్చినవాళ్ళు ఛాలెంజ్ చేయొచ్చు, పదం చెల్లకపోతే పేర్చినవాడి వంతు పోతుంది. ఛాలెంజ్ తప్పయితే ఏం శిక్షో ఇళ్ళలో రకరకాలుగా పెట్టుకుంటారు, అదీ ముందే మాట్లాడుకోండి. పెద్దవాళ్ళ రౌండుకి కాలిన్స్, చిన్నపిల్లల రౌండుకి వాళ్ళ స్కూలు డిక్షనరీ అని విడగొట్టినా బాగుంటుంది. వాదన గారి బాధ కూడా తీరుతుంది.

వారాసిగూడ వాదన:
పిల్లల రౌండు విడిగా పెడితే నాకు సమ్మతమే. ఇంకో రూలు పెట్టండి: క్యూ మాట పేర్చినవాళ్ళు అడిగితే అర్థం చెప్పాలి. చెప్పలేకపోతే సగం పాయింట్లే.

కమాండ్‌లైన్ కిట్టు:
టోర్నీ రూల్స్‌లో లేదు గానీ అపార్ట్‌మెంట్‌కి ఇది సూపర్. కానీ అన్ని మాటలకీ పెట్టాలి, క్యూకే ఎందుకు? చాలామంది ఏ-ఏ అని పేర్చి 2 పాయింట్లు కొడతారు, అర్థం అడిగితే పైకి చూస్తారు. (గరుకుగా గడ్డకట్టిన ఒక రకం లావా అది, హవాయి మాట.)

ఉప్పల్ ఓవర్‌టైమ్:
ఆలస్యంగా వచ్చా. రోజూ ఆడే వర్డిల్‌లో (దాచిన మాటను ఊహించే ఆట) ఇవి పనికొస్తాయా? అదీ అయిదక్షరాలే కదా.

కమాండ్‌లైన్ కిట్టు:
ఊహకు ఒప్పుకునే లిస్టు పెద్దది, జవాబుల లిస్టు చిన్నది. జవాబులు మామూలు జనానికి తెలిసిన మాటల్లోంచే ఇస్తారు. తలాఖ్ జవాబుగా వస్తుందని కాచుకుంటే వరస తెగిపోతుంది. అక్కడ క్యూ కనిపిస్తే పక్కన యు పెట్టేయ్ అన్నా.

ఉప్పల్ ఓవర్‌టైమ్:
సరే. ఇంకో డౌటు, జెడ్ గురించి. పిజాజ్ అనే మాటలో నాలుగు జెడ్‌లు ఉంటాయి కదా, ఒక జెడ్ పావుతో ఎలా పేరుస్తారు?

మారేడ్‌పల్లి పావులు:
పేర్చలేరు. జెడ్ ఒకటి, ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ పావులు రెండు, మొత్తం మూడే. పదకోశంలో ఉన్నా బోర్డు ఎక్కని మాట అది. జాజ్‌కి మాత్రం ఒక ఖాళీ పావు సరిపోతుంది.

నిర్వాహకుడు:
జెడ్ సంగతికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలిపేస్తే తర్వాత వెతుక్కునేవాళ్ళకు దొరకదు. అమీర్‌పేట అభ్యర్థి గారూ, పరీక్షల వొకాబ్యులరీకి విడిగా విభాగం ఉంది, అక్కడ అడగండి.